మా చేని బండ మీద ఏడు గుంతలు

మా చేలోని బండ మీద వరుసగా ఏడు గుంతలున్నాయి. చిన్నప్పుడు వాటిలో నిలిచిన వాననీళ్ళతో ఆడుకున్నానే గానీ, ఎవరో పనిగట్టుకుని తొలిచారని తట్టలేదు. ధర్మవరంలో సైన్సు టీచరుగా చేరాక ఒక వ్యాసం చదివాను. చరిత్రకు ముందటి మనుషులు రాళ్ళ మీద ఇలాంటి గుంతలు తొలిచేవారట, కొన్నిచోట్ల అవి సూర్యుడు పుట్టే దిక్కును చూపిస్తాయట. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు! శనివారం పెనుకొండ మీదుగా మా ఊరు పరిగి చేరి, దిక్సూచి పట్టుకుని బండ మీదికెక్కాను. డిసెంబరులో సూర్యుడు బాగా దక్షిణానికి జరిగి పుడతాడు కదా, వరుస అటే చూస్తోంది. ఎగిరి గంతేశాను.

అయితే నాయన ఆ బండను కంచెకు పాతే రాతి కూసాలుగా కొట్టించడానికి అప్పటికే మనుషులను మాట్లాడేశాడు.

"నాయనా, ఈ బండ పాతకాలం వాళ్ళ పంచాంగం" అన్నాను.

"గుంత ఉంటే పంచాంగమా? అయితే మన రోలు గూడా పంచాంగమే" అని నవ్వాడు. నేను వదల్లేదు. చివరికి "సరే, సూర్యుడు నువ్వు చెప్పినచోట పుడితే బండ నీది. లేకుంటే ఆ పొద్దే సమ్మెట పడ్తాది" అన్నాడు. మొండితనం నాకు ఆయన దగ్గర నుంచి వచ్చిందే. ఒప్పుకున్నాను.

డిసెంబరులో పగలు అన్నిటికన్నా చిన్నదైన రోజు, తెల్లారేసరికి మొదటి గుంత నుంచి చివరి గుంతకు దారం లాగి కట్టాను. నాయన, అవ్వ, బండ కొట్టేవాళ్ళు అందరూ వచ్చారు. తూర్పున రెండు గుట్టల సందులోంచి సూర్యుడు తొంగిచూశాడు. దారం కొసకు జానెడు ఎడమగా! నాయన ఎగతాళి చేసినా బాగుండేది. మెల్లగా "ఎత్తండప్పా సమ్మెట" అన్నాడు.

"ఉండండ్రా" అంది అవ్వ. "దారం యాడిదాకా కట్టినావే?"

"చివరి గుంతకు."

"అది నాదే గదే! కోడలిగా వచ్చినప్పటి నుంచి హిందూపురం సంతకు పోయే చింతపండంతా ఆడనే కొట్టి పిక్కలు తీసినా. రాయి అరిగి గుంత పడింది."

ఏడోది వరుసకు కాస్త పక్కగా ఉందని నేనూ గమనించాను. పాతకాలం వాళ్ళకు ఆమాత్రం వంకర ఉండదా అని సరిపెట్టుకున్నాను. చదువుకున్న తెలివి! దారం విప్పి ఆరో గుంతకు కట్టాను. అది సూటిగా సూర్యుడు తొంగిచూసిన ఆ సందుకే వెళ్ళింది. నేను అరిచిన అరుపుకు పక్క చేలో గొర్రెలు బెదిరాయి.

నాయన మొదటి గుంత దగ్గర గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. అబద్ధం ఆడలేక "ఊరికే అట్ల కుదిరిందేమో గూడా, నాయనా" అన్నాను.

"రేపు యాడ పుడతాడు?"

"దాదాపు ఆడనే. కొన్ని దినాలు పెద్దగా జరగడు."

"అయితే తవ్వినోడెవడో, ఒక్క పొద్దు చూసి గుంత తవ్వలేడు. ఏటేటా ఈడ కూర్చోని చూసింటాడు. అంత ఓపిక సేద్యగానికే ఉంటాది. మనోడే. మనోడు చేసిన పని మనమెట్ల పగలగొడ్తాం?"

లేచి, బండ కొట్టేవాళ్ళను చేని అవతలి గట్టు మీదున్న ఇంకో బండ దగ్గరికి తీసుకెళ్ళాడు.