దాపట, ఎలపట

నాంచారమ్మకు ఏ యంత్రం కనబడినా దాని కడుపులో ఏముందో చూడందే నిద్రపట్టదు. బొగ్గుబాయి కార్మికుడి కూతురు. చిన్నప్పుడు తండ్రి చేతిగడియారం విప్పి, తిరిగి బిగించలేక తన్నులు తిన్నది. ఇప్పుడు నలభై ఆరేళ్లకు, ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న బడిలో ఒకటో తరగతికి పంతులమ్మ.

కంప్యూటర్‌కు పని చెప్పడమెట్లాగో పిల్లలకు ఆటగా నేర్పమని మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చి పంపారు. కంప్యూటర్ మాత్రం ఇవ్వలేదు. ఆవిడ ఊరుకునే రకమా? నేలమీద సుద్దముక్కతో గళ్లు గీసింది. నడుమ ఇటుకలు అడ్డం పెట్టింది, చివరి గడిలో బెల్లం ముక్క. ఒక పిల్ల మిషన్ అవుతుంది, చెప్పినట్టే కదలాలి. మిషన్ దారి తప్పితే తప్పు చెప్పినవాళ్లదేనని మొదటిరోజే చెప్పింది.

పూలి అనే పిల్ల మిషన్ అయిన ప్రతిసారీ ఇటుకకే తగిలేది. నాంచారమ్మ బెల్లం పక్కన ఎదురుగా నిలబడి, కుడికి తిరగమని తన కుడిచెయ్యి చాచేది. పూలి ఎడమకు తిరిగేది. పిల్లలు నవ్వి నవ్వి ‘మొద్దు మిషన్’ అని పేరుపెట్టారు.

ఆ పేరు ఇంటిదాకా పోయింది. మర్నాడు పొద్దున్నే తల్లి సైదమ్మ గంపతో బడికొచ్చింది. తిరగమంటే తిరగరాని పిల్లకు చదువెందుకు, ఇప్పపువ్వు ఏరడానికి తీసుకుపోతానంది. నాంచారమ్మ ఒక్కసారి చూసిపొమ్మని బతిమాలి పూలిని గళ్లలో నిలబెట్టింది.

మళ్లీ ఇటుకే. అప్పుడు ఆవిడకు పాత ఆరా పుట్టింది, గడియారం విప్పిననాటి ఆరా. ఏమీ తెలియని పిల్లయితే ఒక్కసారైనా పొరపాటున సరిగ్గా తిరగాలి కదా! ప్రతిసారీ ఒకే తప్పు ఎందుకు చేస్తోంది? పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

“నువ్వు చెయ్యి అటే చూపెట్టినవ్ మేడం,” అంది పూలి. “మా తాత దాపట అంటడు, ఎలపట అంటడు. ఎడ్లు గట్లనే తిరుగుతయి. తాత ఎదురుంగ నిలబడడు. అరక ఎనకనుంచి తోలుతరు.”

అరకలో దాపట అంటే ఎడమ, ఎలపట అంటే కుడి. కుడి అనే మాట పూలి ఇంట్లో వాడరు. అందుకే ఆ పిల్ల మాట వదిలేసి చెయ్యి చూసింది. ఎదురుగా ఉన్న నాంచారమ్మ కుడిచెయ్యి పూలికి ఎడమవైపు. నాంచారమ్మ సిగ్గుపడింది. లేచి పూలి వెనక్కి వెళ్లింది.

“ఎలపట.”

పూలి తిరిగింది, ఇటుక దాటింది, బెల్లం నోట్లో వేసుకుంది.

“ఇన్నిరోజులు తప్పు ఎవరిది?” నాంచారమ్మ పిల్లలనడిగింది. బుగ్గలో బెల్లం పెట్టుకుని పూలి మేడం వైపు వేలు చూపించింది.

“అవ్, నాదే,” అంది నాంచారమ్మ.

సైదమ్మ గంప ఎత్తుకుని ఒక్కతే అడవి దారి పట్టింది.