కామాక్షయ్య గట్టు మీద మాటలు బంద్

అల్లూరు రొయ్యల గుంటల మీద కామాక్షయ్యను మించిన మేస్త్రీ లేడు. ఉంటే గింటే అది నేనే, కానీ నా సంగతి పక్కన పెడదాం. ఇరవై ఏళ్ళు లారీ మీద తిరిగి, పదకొండు భాషల్లో తిట్లు తినొచ్చిన మనిషి ఆయన.

"ఒడిశాలో టైరుకు గాలి కావాలని అడిగినా. ఆడ గాలంటే తిట్టంట. లేదనకుండా అరగంట పెట్టినారు" అంటాడు. తమిళంలో అవసరమంటే తొందరట. హిందీలో శిక్షంటే చదువట. తొమ్మిదిలోనే బడి మానేసిన నాకు శిక్ష తక్కువే పడిందన్నమాట.

అన్ని దెబ్బలు తిన్నాడు కాబట్టే తన గట్టు మీద ఒక పద్ధతి పెట్టాడు. కొత్తవాళ్ళెవరొచ్చినా మొదటి రోజు మాట్లాడనివ్వడు. చెయ్యి పట్టి తీసుకెళ్ళి, ప్రతి వస్తువునూ తాకించి, దానికో సైగ నేర్పుతాడు. పిడికిలి తిప్పితే నీళ్ళు చిలికే ఏరేటరు. నెత్తిన అరచెయ్యి పెడితే జనరేటరు. విత్తనాలు చల్లినట్టు చేస్తే ఆక్సిజన్ మాత్రలు.

"డ్రామా కంపెనీ పెట్టినావా అన్నా?" అని నవ్వాను.

"నీకు వేషం లేదులే" అన్నాడు.

మేం పనిచేసే గుంట సుప్రియది. రెండు పంటలు వరసగా పోయాయి. ఇదీ పోతే గుంట వదిలేస్తానని ఇంట్లో మాటిచ్చి మూడోది వేసింది.

మొన్న ఓ మబ్బు పట్టిన పొద్దున ఏడింటికి కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగాయి. ఊపిరాడక రొయ్యలన్నీ పైకి తేలి గట్టు అంచుకొచ్చాయి. లక్షల మీసాలు! కొన్నయితే నన్ను పేరు పెట్టి పిలిచాయి కూడా.

సుప్రియ తెలుగులో అరుస్తోంది. ఒడిశా పనివాళ్ళు నలుగురూ ఒడియాలో, జనరేటరు చూసే తమిళాయన తమిళంలో. ఒకరి మాట ఒకరికి ఎక్కడం లేదు.

కామాక్షయ్య మేత బస్తాల మీదికెక్కి ఈల వేశాడు. నెత్తిన చెయ్యి పెట్టాడు, తమిళాయన పరుగెత్తాడు. గాల్లో విత్తనాలు చల్లాడు. ఇద్దరు మాత్రల డబ్బాలు తెచ్చి చల్లారు. జనరేటరు మాత్రం రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"అన్నా, నా పంట!" అంది సుప్రియ.

"ఏడ్చేది తర్వాత. నీళ్ళలోకి దిగు మా!"

రెండు చేతులతో నీళ్ళు కొట్టి చూపించాడు. ఆ సైగ ఎవరికీ నేర్పింది కాదు, అప్పటికప్పుడు పుట్టింది. అయినా అందరం మోకాలి లోతుకు దూకాం. బకెట్లు, తట్టలు, చేతులు, దేంతో వీలైతే దాంతో చిలికాం. నేనొక్కణ్ణే మూడు ఏరేటర్ల పెట్టు.

"నువ్వు నీళ్ళు తాగతన్నావురా, కొట్టడంలా" అన్నాడు కామాక్షయ్య. ఉత్త అసూయ!

ఇరవై నిమిషాలకు జనరేటరు అందుకుంది. ఏరేటర్లు గిర్రున తిరిగాయి. మీసాలు మెల్లగా కిందికి దిగిపోయాయి. చచ్చినవి ఓ బుట్టెడు. మిగతావి బతుకుతాయో లేదో మేత ముట్టుకుంటేనే తెలిసేది.

మధ్యాహ్నం సుప్రియ తట్టలో గుప్పెడు మేత పోసి నీళ్ళలోకి దించింది. రెండు గంటల తర్వాత పైకి లాగే ధైర్యం లేక తాడు కామాక్షయ్య చేతిలో పెట్టింది. ఆయన లాగాడు. తట్ట కడిగినట్టుంది, ఒక్క పలుకు మిగల్లేదు.

ఒడిశా వాళ్ళూ తమిళాయనా ఆ ఖాళీ తట్టను ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూస్తున్నారు. సుప్రియ ఇంటికి ఫోన్ చేసింది. "గుంట వదిలేది లేదు" అని ఒక్క ముక్క చెప్పి, మేత బస్తా మూతి విప్పింది.

"పొంగిపోయి ఎక్కువెయ్యబాక మా" అన్నాడు కామాక్షయ్య. "ఈ పూటకి సగమే."