కొత్త మిద్దెకు నా శిథిల దీవెన

ఒకే ఒక్క మాటతో నా పెళ్లి ఆగిపోబోయింది. ఆ మాట అన్నది నేనే, అదీ మైకులో. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత ఊపిరి ఆడదు.

నేను చదివింది వేలూరులో, తమిళంలో. తెలుగు చదవడం నేర్చుకున్నది బస్సులో పక్కవాళ్ల పేపర్లోకి తొంగిచూసి. చంద్రగిరి కోట శిథిలాలను చూడటానికి జనం విరగబడి వస్తున్నారని ఒకరోజు అందులో చదివాను. ఓహో, చూడముచ్చటైన పెద్ద కట్టడాన్ని శిథిలం అంటారన్నమాట! పలుకుతుంటేనే ఎంత గాంభీర్యం! మంచి సందర్భం కోసం దాచుకున్నాను.

సందర్భం రానే వచ్చింది. చిత్తూరులో మామిడికాయల వ్యాపారం చేసే కాబోయే మామగారు కొత్త మిద్దె కట్టించారు. గృహప్రవేశం రోజు భోజనాలు వడ్డిస్తుండగా మైకు నా చేతిలో పెట్టి, "మా అల్లుడు రెండు మాటలు సెప్తాడు, ఇనండబ్బా!" అన్నారు.

గొంతు సవరించుకున్నాను. "మామగారు చెమటోడ్చి ఇంత గొప్ప శిథిలాన్ని కట్టించారు. చిత్తూరులో ఇలాంటి శిథిలం మరొకటి లేదు. ముందు ముందు ఇది ఇంకా శిథిలం కావాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను!"

చప్పట్ల కోసం ఆగాను. సాంబారు బకెట్టు పట్టుకున్నవాడూ ఆగిపోయాడు.

"ఏమంటాడే ఆ అబ్బోడు?" అని మామగారి తల్లి అడిగింది.

"ఇల్లు కూలిపోవాలంటా ఉండాడవ్వా!" అంది నా కాబోయే భార్య సుమతి, నవ్వు ఆపుకోలేక.

కార్బైడు వేసిన మామిడికాయలా మామగారి ముఖం చూస్తుండగానే రంగు మారింది. "ఏమప్పా, యాడ కూలతా ఉండాది? సూపించు!"

కూలడం మాటెందుకొచ్చిందో అర్థం కాకపోయినా, ఎటో ఒకవైపు చూపించాలి కాబట్టి వంటింటివైపు చెయ్యి చూపించాను. అంతే! ఇల్లు కట్టిన మేస్త్రీ విస్తరి ముందు నుంచి లేచి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, వంటింటి గోడ పగిలిందని ఈయబ్బికి ఎవురు సెప్పినారు? కనపడకుండా పుట్టీ పూసినా గదన్నా! ఆ గోడ మళ్లా కట్టిస్తా, నన్నిడిసిపెట్టు!"

మామగారు నన్ను ఎగాదిగా చూసి కావలించుకున్నారు. "పుట్టీ కింద పగులు కనిపెట్టినాడు సూడండబ్బా! అల్లునికి ఇంకో ఓళిగ ఎయ్యండి!"

చేతులు కడుక్కునే చోట సుమతి గుసగుసగా అడిగింది. "శిథిలమంటే ఏందో తెలుసునా మీకు?"

"పెద్ద భవనం కదా?"

ఆమె నవ్వి నవ్వి మెట్లమీద కూలబడింది. "మా నాయనతో మాత్రం ఈ మాట అనొద్దండి!"

ఇప్పటికీ బంధువుల్లో ఎవరు ఇల్లు కట్టినా గోడలు చూడటానికి నన్నే తీసుకెళతారు. నేను గోడకు చెవి ఆనించి, గంభీరంగా తల ఊపుతాను. మేస్త్రీలు వణికిపోతారు.

అందుకే ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఏ గృహప్రవేశంలోనూ తినడానికి తప్ప నోరు తెరవను.