సేతువు దగ్గర విప్పిన ముడి

రామేశ్వరం ద్వీపం నాకు ఇప్పటికీ నిద్రలో చూసినట్టే గుర్తుంది. మా బద్వేలు నుంచి బయలుదేరిన యాత్ర బస్సు మదురై దాటాక నేను నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి బస్సు వంతెన మీద ఉంది. కిటికీలో నేల లేదు. కింద నీళ్లు, దూరంగా నీళ్లు, నీళ్లు ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని తెల్లవారుజాము. పక్కన ఇంకో వంతెన మీద రైలొకటి పోతోంది. అది ఎంత మెల్లగా పోతోందంటే, చక్రాలు తీసేసి నీళ్ల మీద వదిలినట్టుంది. నా భార్య అప్పటికే మేలుకుని కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుంది. గాలికి రేగిన ఆమె వెంట్రుకలు నా మొహం మీద పడుతున్నాయి. నేను లేచానని ఆమెకు తెలుసు. అయినా ఇటు తిరగలేదు.

నేను బోరు మోటార్లు, పైపులు అమ్ముతాను. మా నాన్న పెట్టిన కొట్టే. అంగట్లోకి వచ్చే రైతులు పొద్దస్తమానం నీళ్ల గురించే మాట్లాడతారు కానీ, కళ్ల ముందు నీళ్లు పెట్టుకుని మాట్లాడేవాళ్లు తక్కువ. నాకు కూడా నీళ్లంటే భూమి అడుగు నుంచి పైపులో వచ్చేవే. చిన్నప్పుడు మా వైపు బావుల్లో మోకాలు మునిగేంత నీళ్లుంటే పండగ. ఈత నేర్చుకునే వీలెక్కడిది?

నా భార్యది ఆత్మకూరు వైపు. వాళ్ల అమ్మమ్మ ఊరి పొలాల అంచుదాకా కృష్ణ వెనకనీళ్లు వచ్చి నిలబడేవి. సెలవులన్నీ ఆ నీళ్లలోనే గడిపి, వీపు కమిలిపోయి ఇంటికొచ్చేదట. పెళ్లయిన కొత్తలో ఈ మాట నాతో చాలాసార్లు చెప్పింది. మా బంధువుల్లో ఎవరికీ ఈ సంగతి గుర్తులేదు. వాళ్లకు గుర్తున్నది వేరే కథ. రామేశ్వరంలో సముద్ర స్నానానికి దిగినప్పుడు అల చూసి జడుసుకుని, కొంగుముడి లాగేసి గట్టుకు పరిగెత్తిందని. ఆ కథ చెప్పింది నేనే. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఆ యాత్రకు నేను, నా భార్య, మా అమ్మ పోయాం. కూతురు అప్పుడు బడికి పోయే పిల్ల, దాన్ని మా తమ్ముడింట్లో వదిలాం. మా వాళ్లలో సేతు స్నానానికి ఒక పద్ధతి ఉంది. మొగుడి కండువాకూ పెళ్లాం కొంగుకూ ఇంటి పెద్దావిడ ముడి వేస్తుంది. ఆ ముడితోనే ఇద్దరూ సముద్రంలో మునగాలి. గట్టుకు వచ్చాక, వేసిన చేతులే ఆ ముడి విప్పాలి. మధ్యలో విప్పుకుంటే కాపురానికి మంచిది కాదంటారు. అమ్మ ఆ ముడి వేయడానికే వచ్చింది. వేరే ఏ కోరికా లేదంది.

మొదటి రోజు ధనుష్కోడికి తీసుకుపోయారు. ఇసకలో ఊగుతూ పోయే వ్యానులో, ఎటు చూసినా తెలుపు. ఎప్పుడో తుపాను కొట్టుకుపోగా మిగిలిన ఊరు. కప్పు లేని చర్చి గోడలు, ఇసకలోకి కూరుకుపోయిన రైల్వే స్టేషను. గోడలకు వాడిన రాయి సముద్రంలోంచి తీసిందట, తేనెపట్టులా అంతా బొరియలు. కడప బండల నునుపుకు అలవాటుపడిన నా చేతికి అది రాయిలా తోచలేదు. ఎప్పుడో బతికి ఉండి చల్లబడిన దాన్ని ముట్టుకున్నట్టు అనిపించింది. నా భార్య ఆ చర్చిలోకి పోయి నిలబడింది. పలకా తలుపూ లేని కిటికీలోంచి ఆమె భుజం వెనక సముద్రం కనబడింది. ఎండ చప్పుడు లేకుండా కాసింది.

వ్యాను డ్రైవరుకు కాస్త తెలుగు వచ్చు. ఇటు పక్కది మగ సముద్రం, అటు పక్కది ఆడ సముద్రం అని చూపించాడు. మగ సముద్రం ఎగిరెగిరి పడుతోంది. ఆడ సముద్రం మడత పెట్టిన పట్టుచీరలా నిశ్శబ్దంగా ఉంది. రేపు మీరు స్నానం చేసేచోట కూడా ఇట్లాగే నెమ్మదిగా ఉంటుంది, చంటిపిల్లల్ని దించుతారు అన్నాడు. నా భార్య చెప్పులు చేతిలో పట్టుకుని ఆడ సముద్రం అంచున నడుచుకుంటూ పోయింది. నేను ఇసకలో నిలబడి, ఎండ ఎక్కువైంది రమ్మని పిలిచాను. ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. రాలేదు.

మర్నాడు పొద్దున సూర్యుడు ఇంకా ఎర్రగా ఉండగానే అగ్నితీర్థం చేరాం. మెట్లకు అవతల సముద్రం చెరువులా పరుచుకుని ఉంది. జనం నడుముల్లోతుకు దిగి లేస్తున్నారు. అమ్మకు అప్పటికే రెండు కళ్లలోనూ శుక్లాలు. అయినా వేళ్లతో తడుముకుంటూ ముడి గట్టిగా వేసింది.

"గట్టుకొచ్చినాక నేనే విప్పుతా. అంతదాకా దాని మీద చెయ్యి పెట్టొద్దండి" అంది. బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని మండపం నీడలో కూర్చుంది.

పాదాలు మునిగేదాకా నేను బాగానే ఉన్నాను. మోకాళ్ల దగ్గర కాలికింది ఇసక మెల్లగా జారడం తెలిసింది. ఎవరో కింద నుంచి చాప లాగుతున్నట్టు. నా భార్య ఒక అడుగు ముందుంది. ముడి బిగుసుకుంటే వెనక్కి తిరిగి, "ఇంకొంచెం రండి, ఈడ మునిగేదానికి చాలదు" అంది. నేను కదల్లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అందులో నా కాళ్లు వంకరగా, నావి కానట్టు కనబడ్డాయి. కిందా పైనా ఒకటే ఆకాశం. పట్టుకోవడానికి ఏమీ లేదు. నా పక్కనే ఒక ముసలాయన నమస్కారం పెట్టి మునిగి, చీమిడి చీదుకుని పోయాడు. నాకు మాత్రం ఆ నీళ్లు నన్ను ఎరిగినట్టు, నాకోసమే కాచుకుని ఉన్నట్టు అనిపించింది.

నా చేయి నీళ్లలోకి పోయి ముడి విప్పింది. నేను విప్పాలనుకున్నానా లేదా అన్నది ఇప్పుడు అనవసరం. చేయి నాదే.

బిగువు పోయినట్టు తెలిసి ఆమె తిరిగింది. నీళ్ల మీద తేలుతున్న తన కొంగు చివరను చూసింది. నన్ను చూసింది. నువ్వు మునిగి రా అన్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని లోపలికి పోయింది. నడుముదాకా, భుజాలదాకా. తర్వాత తల కూడా కనబడలేదు. నేను దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకుని వెనక్కి తిరిగాను. ఆమె పైకి లేచిందో లేదో చూసుకోకుండానే తిరిగాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నేను గట్టెక్కిన కాసేపటికి అమ్మ నా కండువా చివర తడిమింది. మళ్లీ తడిమింది. "ముడేదప్పా?"

అప్పటికే నా భార్య మెట్లెక్కి వచ్చి జుట్టు పిండుకుంటోంది. మొహం వెలిగిపోతోంది. పెళ్లయ్యాక ఆమె మొహం అంత తేటగా ఉండగా నేను చూడలేదు. ఆ మొహం ముందరే అన్నాను: "అలొచ్చిందమ్మా. ఈమె జడుసుకుని లాగేసింది."

ఆమె జుట్టు పిండడం ఆపింది. నేను నవ్వి మాట మార్చుకుంటానని కాసేపు చూసినట్టుంది. నేను కండువా పిండుకున్నాను. అమ్మ, ఏందమ్మా ఇంత పిరికిదానివి అని గొణుక్కుంటూ మళ్లీ ముడి వేసి, అట్లాగే గుడిలోకి నడిపించింది.

గుడి లోపలి బావుల దగ్గర చేదలతో తోడి మా నెత్తిన పోస్తూ పోయారు. ఒక బావి నీళ్లు చల్లన, ఒకదానివి గోరువెచ్చన. తడి బండల మీద వేల కాళ్ల చప్పుడు. ఆ ప్రాకారంలో స్తంభాలు చివర కనబడనంత దూరం పోతాయి. ఎంత నడిచినా ముందు అన్నే స్తంభాలు, వెనక అన్నే. ఒక స్తంభం నీడ మా మీద పడుతుంది, ఒక వెలుగు, మళ్లీ నీడ. ఆమె కొంగు నా కండువాకు కట్టి ఉంది కాబట్టి ఇద్దరం పక్కపక్కనే నడవాలి. తర్వాతి వెలుగులోకి రాగానే చెబుదామనుకున్నాను. తర్వాతి వెలుగు వచ్చేది. ఆ నడక ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. ఆ కలలో ప్రాకారం అయిపోదు.

ఊరికొచ్చాక అందర్నీ పిలిచి సమారాధన పెట్టాం. యాత్ర చేసి వచ్చినవాళ్లు భోజనాల దగ్గర ఆ విశేషాలు చెప్పడం మా దగ్గర మామూలు. నలుగురూ అడిగేసరికి నాకు హుషారొచ్చింది. భుజం మీద తువ్వాలు వేసుకుని, అల ఎట్లా వచ్చిందో, ఆమె ఎట్లా కేకపెట్టిందో, చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎట్లా పరిగెత్తిందో పంక్తుల మధ్య నడిచి చూపించాను. మా తమ్ముడు పొలమారేంతగా నవ్వాడు. నా భార్య పప్పు వడ్డిస్తోంది. వరస తప్పకుండా చివరిదాకా వడ్డించింది.

ఆ తర్వాత ఆ కథకు నా అవసరం లేకుండా పోయింది. ఎవరింట్లో పెళ్లి జరిగినా ముడి వేసే వేళకు ఎవరో ఒకరు ఆమె వైపు చూసి నవ్వేవారు. మరుసటేడు ఆమెకు రెండో కాన్పు నిలవలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు సాయంత్రం మా అమ్మ వంటింట్లో ఎవరితోనో అంది: "సేతువు దగ్గర ముడి విప్పిన చెయ్యి గదమ్మా." నేను నడవలో ఉన్నాను. గోడ అవతల మంచం మీద ఆమె ఉంది. నేను చెప్పులేసుకుని అంగడికి పోయాను. అమ్మ ఇప్పుడు లేదు. నిజం తెలియకుండానే పోయింది.

పోయిన నెల మా కూతురూ అల్లుడూ రామేశ్వరం పోయి వచ్చారు. వచ్చిన ఆదివారం మా ఇంట్లోనే భోజనం. మా తమ్ముడు, మరదలు కూడా ఉన్నారు. అల్లుడు డోన్ ఊరి పిల్లవాడు, మంచివాడు, నవ్విస్తాడు. ఫోనులో ఫొటోలు చూపిస్తూ పోయి, అగ్నితీర్థం దగ్గర ఆగాడు.

"అత్తా, ఈడ అలే లేదు కదా. తొట్టిలో నీళ్లు మాదిరి ఉండాయి. దేనికి జడుసుకున్నావు నువ్వు?"

అందరూ నవ్వారు. అల లేదన్న మాట ఫొటోతో సహా బయటపడింది. అయినా నా వైపు ఎవరూ చూడలేదు. అల లేకపోయినా పరిగెత్తిందా అని మా తమ్ముడు ఇంకా నవ్వాడు. అబద్ధం బయటపడినా మళ్లీ ఆమె మీదే పడింది. ఆమె కూడా కొంచెం నవ్వి, రసం గిన్నె అందుకుని లేచింది.

"కూర్చో" అన్నాను. గొంతు గట్టిగా వచ్చినట్టుంది, అందరూ ఆగారు. "జడుసుకున్నది నేను. మోకాలి లోతులో. ముడి విప్పింది కూడా నేనే. మీ అత్త ఒక్కతే పోయి మునిగి వచ్చింది. మీకు చెప్పిందంతా నేను కల్పించింది."

అల్లుడు ఫోను బోర్లా పెట్టాడు. మా తమ్ముడు ఏదో అనబోయి, విస్తరి చూసుకున్నాడు. నేను నా భార్యతో, అందరి ముందరే, తప్పయిపోయింది అన్నాను. ముడి విప్పినందుకు క్షమించమన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టి కూర్చుంది.

"ముడి విప్పినందుకు నాకేం లేదు" అంది. "ఆ ముడి ఉంటే నేనంత లోపలికి పోయేదాన్ని కాదు. అత్తమ్మ అనిన మాట కూడా పడినాను. కానీ నేను సముద్రంలో ఈదినానండీ. ఆ సంగతి ఒకరితో చెప్పుకునే వీలు లేకుండా చేసినారు. భయపడినదాన్ని గదా, ఇంక ఏం చెప్పేది?"

కూతురు తల్లి దగ్గరికి జరిగి, ఎంత దూరం పోయినావమ్మా అని అడిగింది.

మొదట ఆమె చేయి ఊపేసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. మునిగి కళ్లు తెరిచిందట. ఉప్పుకు మండినా మూయలేదట. లోపల లేత ఆకు రంగు వెలుతురు. కింద ఎవరో వదిలేసిన చీర ఒకటి ఇసకలో పరుచుకుని, నిద్రలో ఒత్తిగిలినట్టు కదులుతోందట. చిన్న చేపలు దాని అంచు దాటకుండా తిరుగుతున్నాయట. అమ్మమ్మ ఊరి నీళ్లలో మాదిరిగా కాళ్లు వాటంతట అవే ఆడాయట. పైకి లేచి వెల్లకిలా పడుకుంటే చెవుల్లోకి నీళ్లు పోయి, గట్టు మీది గోల అంతా ఆగిపోయిందట.

"అప్పుడు తల తిప్పి చూసినా. మీ నాయన గట్టుకు పోతాండాడు. ఇంతే కనబడినాడు" అని చిటికెన వేలి కొన చూపించింది.

కూతురు నవ్వింది. ఆమె కూడా నవ్వింది, చేయి నోటికి అడ్డం పెట్టుకోకుండా. "తర్వాత?" అన్నాడు అల్లుడు. ఆమె కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంది. తర్వాత ఏమైందంటే అని చెప్పసాగింది. రసం చల్లారిపోయింది. ఎవరూ వడ్డించమనలేదు.