గాడిలో దిగని అక్షరం

మా సీతాఫల్‌మండి సందులో మూడో అంతస్తు నుంచి చెక్కపొట్టు రాలిందంటే అది రజిత పనే. కింది అంతస్తులో నేను ఆరేసిన బట్టల మీదా రాలుతుంది. అడిగితే దులుపుకోమంటుంది. కుట్టుపని మానేశాక ఆవిడ విడిభాగాల కిట్టు తెప్పించి, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను కోసే చిన్న సీఎన్‌సీ మిషన్‌ను సొంతంగా బిగించుకుంది. భర్త విజయేందర్‌కు అదంటే గిట్టదు. ఆ గదిలో ఆయనకు సోఫా కావాలి.

పక్క సందులోని చర్చి పెద్ద జెరెమియా ఆవిడకు మొదటి పెద్ద పని ఇచ్చాడు. చర్చి పేరు బోర్డు. నల్ల చెక్కలో అక్షరాల ఆకారంలో గాడులు తవ్వి, తెల్ల చెక్కలో కోసిన అక్షరాలను వాటిలో పొదగాలి. ఆదివారానికి కావాలి. తీరా కోశాక ఒక్క అక్షరమూ గాడిలో దిగలేదు.

విజయేందర్‌కు అవకాశం దొరికింది. ఇక మిషన్ అమ్మేయాల్సిందేనని, కొనేవాణ్ణి కూడా మాట్లాడి పెట్టానని తేల్చేశాడు. జెరెమియా మంచివాడు. వచ్చి చూసి, "జెర ఆకురాయితోని అరగదీస్తే అయిపాయె బిడ్డా. ఎవరు సూస్తరు?" అన్నాడు.

"నేను సూస్త గదన్నా," అంది రజిత.

నేనైతే అరగదీసేదాన్నే. ఆవిడ మాత్రం మిషన్ బెల్టులు బిగించింది. మిషన్ ఎంత దూరం జరగాలో చెప్పే లెక్కను కంప్యూటర్లో తగ్గించింది. అక్షరం చిన్నదైంది, దాంతోపాటు గాడీ ఇంకా ఇరుకైంది. విజయేందర్ వంటింట్లోంచి నవ్వుతుంటే నాకే ఒళ్లు మండింది. ఆవిడ ఆ లెక్కను మళ్లీ మొదటికి తెచ్చి, ఒక చిన్న పలక, ఒక పెద్ద పలక కోసి వెంట్రుకవాసి తేడా కూడా చూపే వెర్నియర్ కొలబద్దతో కొలిచింది. రెండూ ఉండాల్సినదానికంటే ఒకే వెంట్రుకవాసి ఎక్కువ. దూరంలో తప్పుంటే పెద్ద పలకలో తేడా పెద్దగా రావాలి కదా. పైగా అక్షరం ఎంత పెరిగిందో గాడి అంతే తగ్గింది. అంటే మిషన్ సరిగ్గానే జరుగుతోంది, కోసే బిట్టే సన్నగా ఉంది; అది సన్నబడితే అక్షరం అంచునా, గాడి అంచునా కోయాల్సిన చెక్క మిగిలిపోతుంది.

మొద్దుబారిన పనిముట్టును మనలో ఎవరు పారేస్తారు? సాన పట్టిస్తాం. రజిత కూడా ఈ బోర్డు పని మొదలుపెట్టే ముందు తన పాత కత్తెరలతో పాటు ఆ బిట్టును సానవాడి చేతిలో పెట్టింది. అది పదునెక్కింది, అరిగి సన్నబడింది. కంప్యూటర్ మాత్రం పాత లావునే నమ్ముకుని కూర్చుంది.

కొత్త కొలత ఎక్కించి అన్నీ మళ్లీ కోసింది. శనివారం సాయంత్రం జెరెమియా ఎదుటే బొటనవేలితో నొక్కితే అక్షరాలు ఒక్కొక్కటే దిగాయి. ఆయన బోర్డు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. నాకు కళ్లు చెమర్చాయి, దాచడమెందుకు?

విజయేందర్ అప్పుడూ తగ్గలేదు. ఒకసారి ఖరాబైన మిషన్ మళ్లీ పరేషాన్ చేస్తుందని, కొనేవాడు రేపు వస్తున్నాడని, ఇచ్చేద్దామని అన్నాడు.

రజిత గొంతు పెంచలేదు. "ఆయనకు ఫోన్ జేసి రావద్దని చెప్పు. ఖరాబైంది మిషన్ గాదు. నేను తప్పు చెప్పిన, అది చెప్పినట్టే చేసింది. తప్పు నాది. నన్ను ఇంట్లకెల్లి పంపుతవా? పంపవు గదా. అది సుత ఏడికీ పోదు."