డిటెక్టివ్ సినిమా చూసొచ్చిన మా సుభద్రత్త

నిన్న పొద్దున ఆటోనగర్‌లో వర్క్‌షాప్ షట్టర్ తీస్తుంటే బావ ఫోన్ చేశాడు.

"అమ్మ వెళ్ళిపోయిందిరా."

సగం తీసిన షట్టర్ దించేసి అత్త వాళ్ళింటికి బయల్దేరాను.

తొంభై దాటిన మనిషి. ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన మాటే. కానీ మొన్న ఆదివారమే కదా, నా ఫోన్‌లో క్రైమ్ సిరీస్ చూస్తూ హంతకుడెవరో మొదట్లోనే చెప్పేసి నా సండే మొత్తం పాడుచేసింది! తర్వాత మూడు గంటలు ఊరికే చూశాను. ఆవిడ చెప్పినవాడే.

సుభద్రత్త మా నాన్నకి అక్క. చల్లపల్లి దగ్గర నేతపనివాళ్ళ ఇంటికి కోడలుగా వెళ్ళింది. మావయ్య మగ్గం నేసేవాడు, అత్త కండెలు చుట్టేది.

ఆవిడకి క్రైమ్ సినిమాల పిచ్చి ఎలా పట్టుకుందో మా కజిన్స్‌లో చాలామందికి తెలీదు. అందుకే ఈ పోస్ట్.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో, చీరలు అమ్మడానికి మావయ్య బెజవాడ వెళ్తూ అత్తని కూడా తీసుకెళ్ళాడు. బొగ్గుతో నడిచే బస్సు. దిగేసరికి చీర నిండా మసి.

అక్కడ వాళ్ళ చీరలు కొనే జలీల్ సాయిబు గారు ఇద్దరినీ మ్యాటినీకి తీసుకెళ్ళారు. ఇంగ్లీషు సినిమా. అత్త చూసిన మొట్టమొదటి సినిమా అదే.

కథ సాయిబు గారు పక్కనుంచి మెల్లగా చెప్తూ వచ్చారట. ఒక పెద్దమనిషి ప్రైవేట్ డిటెక్టివ్ దగ్గరికి వస్తాడు. నా భార్య కనిపించడం లేదు, వెతికిపెట్టమంటాడు. డిటెక్టివ్ ఊరంతా గాలించి, ఆమె ఎక్కడ దాక్కుందో కనిపెట్టి చెప్తాడు. మర్నాడు ఆమె శవం దొరుకుతుంది. ఆమె దాక్కున్నది ఆ భర్తకి భయపడే. డిటెక్టివ్ వానలో సిగరెట్ వెలిగించుకుని నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. అంతే, శుభం కార్డు.

అత్తకి ఒళ్ళు మండిపోయింది. బస్సులో దారి పొడుగునా మావయ్యని తిట్టిందట, ఆ సినిమా ఆయనే తీసినట్టు.

"వెతకమన్నోణ్ణి ఎందుకు వెతుకుతున్నావని ఒక్క మాట అడగలేదేవండీ వాడు? అదేం డిటెక్టివు?"

కొన్నాళ్ళకి పామర్రు వైపు నుంచి ఒకతను వీళ్ళింటికి వచ్చాడు. మావయ్యకి దూరపు చుట్టం. భార్య రత్నం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిందని, బెజవాడ బస్సెక్కుతుంటే ఎవరో చూశారని అరుగు మీద కూర్చుని వలవలా ఏడ్చాడు. మీరు బెజవాడ వెళ్తుంటారు కదా, కాస్త వాకబు చెయ్యమన్నాడు.

మావయ్య వెన్నలాంటి మనిషి. ఈసారి వెళ్ళినప్పుడు సాయిబు గారిని అడిగాడు. మీ వైపు అమ్మాయి ఒకామె మా ఇంట్లో ఆడవాళ్ళతో కలిసి కుట్టుపని చేస్తోందని ఆయన మామూలుగా చెప్పేశారు.

మావయ్య సంతోషంగా ఇంటికొచ్చి, పామర్రు వెళ్ళి చెప్పొస్తానని చొక్కా వేసుకుంటున్నాడు. అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అంతసేపు ఏడ్చాడు కదా. తిందో లేదో, ఎలా ఉందోనని ఒక్కసారన్నా అన్నాడా? ఎక్కడుంది, ఎక్కడుంది, అదేగా అడిగింది. ముందు ఆ పిల్లని చూసొద్దాం పదండి."

అప్పటికి అత్తకి ఇరవై కూడా లేవు.

వెళ్ళారు. వీళ్ళని చూడగానే రత్నం చేతిలో గుడ్డ వదిలేసి పెరటి వైపు పరిగెత్తబోయింది. పరిగెత్తలేకపోయింది. నిండు నెలలు. ఎడమ చెయ్యి విరిగి, వంకరగా అతుక్కుని ఉంది.

"ఆయనకి చెప్తే నేను కాలవలో తేలతానక్కా," అంది.

అత్త ఆ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని లేచి వచ్చేసింది.

అతను మళ్ళీ వచ్చినప్పుడు అత్తే జవాబు చెప్పింది. "అక్కడ ఎవరూ లేరండీ. అంతా వెతికాం."

మావయ్యకి అబద్ధం చెప్పడం చేతకాదు. తల దించుకున్నాడు. అతనికి అది చాలు. ఇద్దరు మనుషుల్ని వెంటేసుకొచ్చి, మగ్గం మీదున్న పడుగు దారాల్ని కత్తితో అడ్డంగా కోసేశాడు. పండక్కి ఇవ్వాల్సిన చీరలవి. దారాలన్నీ నేల మీద కుప్పపడ్డాయి.

"ఇప్పుడు చెప్తావా?" అన్నాడు.

"లేదని చెప్పాను కదండీ," అంది అత్త.

వీధిలో వాళ్ళంతా పోగయ్యేసరికి ఆ ముగ్గురూ వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. అత్త, మావయ్య కింద కూర్చుని, తెగిన దారాలు ఒక్కొక్కటే ముడేయడం మొదలుపెట్టారట.

"నిన్ను సినిమాకి తీసుకెళ్ళడం నాదే తప్పు," అన్నాడట మావయ్య. ఇద్దరికీ నవ్వొచ్చిందట. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి అత్త ప్రతిసారీ పకపకా నవ్వేది. మావయ్య పోయాక కూడా.

రత్నమ్మ గారు బెజవాడలోనే ఉండిపోయారు. కుట్టుమిషన్ కొనుక్కుని, ఎందరో ఆడపిల్లలకి పని నేర్పించారు. పోయేవరకూ అత్తని "అక్కా" అనే పిలిచారు.

నిన్న మధ్యాహ్నం అత్త వాళ్ళింటి ముందు ఒక పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టుకుని ఆటో దిగింది. ఎవరో చాలామందికి తెలీలేదు. రత్నమ్మ గారి కూతురు జయ. ఆవిడకే ఇప్పుడు మనవరాళ్ళున్నారు.

అత్త తల దగ్గర కూర్చుని, బావ వైపు చూసి నెమ్మదిగా అడిగింది.

"జుట్టు చిక్కుపడిందయ్యా. నేను దువ్వనా?"

బావ తల ఊపాడు.

ఆవిడ చాలాసేపు దువ్వింది. మేమెవ్వరం తొందరపెట్టలేదు.

వెళ్ళిరా అత్తా. ఎవరూ ఎవరికీ భయపడి దాక్కోనక్కర్లేని చోట హాయిగా ఉండు.