కొక్కానికి మిగిలిన బిళ్ళ

ఫస్ట్ షిఫ్టు చేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "లాంప్‌రూం కాక పోయిండట" అంది. ఎటు పోయాడని అడిగాను. తెలివితక్కువ ప్రశ్నే. నెల రోజులుగా ఊపిరితిత్తులు చెడి దవాఖానలో ఉన్నాడు మరి. రాష్ట్రం వచ్చిన వారమది. గోదావరిఖని చౌరస్తాలో రంగులు చల్లుకుంటూ డప్పులు కొడుతున్నారు. ఆ డప్పుల మధ్య నుంచే శవాన్ని ఇంటికి తెచ్చారు.

ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. గని లాంప్‌రూంలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. లోపలికి దిగే ప్రతివాడూ తన నెంబరు బిళ్ళ అక్కడిచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. దీపం తిరిగొచ్చేదాకా బిళ్ళ కొక్కానికి వేలాడుతుంది. బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. కాక బతుకంతా ఈ ఒక్క లెక్క మీదే నడిచింది.

నేను ఆయనకు దొరికింది తెలంగాణ కొట్లాట రోజుల్లో. తాగి నాగాలు పెట్టీ పెట్టీ ఛార్జిషీటు తెచ్చుకున్నాను. ఇంకోటి వస్తే ఉద్యోగం ఊడుతుంది. మా ఆవిడ బిడ్డను చంకనేసుకుని మందమర్రిలో తల్లిగారింటికి పోయింది. దవాఖాన నర్సమ్మ జాలిపడి, "ఐతారం మూడు గంటలకు తాగుడు మానేటోళ్ళ మీటింగ్ ఉంటది, పో" అంది. ఎక్కడన్నదో సరిగ్గా వినలేదు. చౌరస్తాలో "మీటింగ్ ఎక్కడన్నా?" అని మాత్రం అడగగలిగాను. తాగుడు అనే మాట సిగ్గుతో గొంతు దాటలేదు. ఆ రోజుల్లో ఖనిలో మీటింగంటే ఒకటే. ఒకాయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయి టెంటు కింద కూర్చోబెట్టాడు. రెండు గంటలు జై తెలంగాణ కొట్టాను. గొంతెండింది. అటు నుంచి అటే అందరితో కలిసి వైన్ షాపుకు పోయాను. తాగుడు మానడానికి నేను వేసిన మొదటి అడుగు అది.

మరుసటి ఆదివారం దొరికింది, చర్చి వెనక గది. ఆరుగురున్నారు. తలుపు పక్కన గోడకు ఒక చెక్క, దానికి కొక్కాలు. నూనె డబ్బా మూత కత్తిరించి చేసిన బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టాడు, ఆ మీటింగ్ నడిపే కాక.

"ఈడ పేర్లు లెవ్వు బిడ్డా. నీది ఏడు. అచ్చినప్పుడు తగిలియ్యి, పోయెటప్పుడు తీస్కపో."

ఒకాయన తాగి కొడుకును కొట్టిన సంగతి చెబుతుంటే నాకు చెమటలు పట్టాయి. నా సంగతే చెబుతున్నట్టుంది. నీళ్ళు తాగొస్తానని లేచి వైన్ షాపులో తేలాను. రెండో గ్లాసు మీద ఉండగా కాక ఎండలో నడిచొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తిట్టలేదు.

"నీ బిళ్ళ కొక్కానికే ఉన్నది. రూముకు తాళమెట్ల ఎయ్యాలె నేను?"

"నువ్వే తీసి పారెయ్యరాదు కాకా."

"ఎవని బిళ్ళ ఆడే తియ్యాలె" అంటూ షాపు బెంచీ మీద కూర్చున్నాడు. నేను లేచేదాకా లేవలేదు.

తిరిగొస్తుంటే దారిలో ఆయనే చెప్పాడు.

"ఓపారి తాగి డ్యూటీల ఉన్న. షిఫ్టోళ్ళు పైకెక్కిన్రు. ఒక్క బిళ్ళ మిగిలింది, నా కండ్లకు ఆనలే. అన్ని దీపాలు అచ్చినయని రాసిన. లోపల ఒకడు కాలిరిగి పడి ఉన్నడు. మల్ల షిఫ్టోళ్ళు చూసేటాల్లకు పానం లేదు." కొంత దూరం నడిచాక, "కంపెనీ శిక్షేసింది. ఆని పెండ్లాం మాత్రం ఒక్క మాటన్లే. ఏమన్న అంటే మంచిగుండు" అన్నాడు.

ప్రతి వారం ఫ్లాస్కులో అల్లం చాయ్ తెచ్చి గ్లాసులు అంచుదాకా నింపేవాడు. సగం గ్లాసు చూస్తే వేరేది యాదికొస్తదట. "మానేసిన అనకు, ఇయ్యాల ముట్టలే అను" అనేవాడు. తర్వాత నేను నాలుగుసార్లు జారాను. నాలుగుసార్లూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. ఉద్యోగం నిలబడింది, మా ఆవిడ తిరిగొచ్చింది. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

మూడోరోజు గోదావరి ఒడ్డున, కాకి ముట్టాలని పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, కోడికూర. కాక బామ్మర్ది క్వార్టర్ సీసా మూత తిప్పాడు. కాక ముట్టక ఇరవై ఏళ్ళయిందన్నాను. "బతికినప్పటి ముచ్చట గది. ఇప్పుడేమైతది?" అంటూ అన్నం మీద పోశాడు. కాకి వచ్చి ఆ తడి అన్నంలోనే ముక్కు పెట్టింది. "సూశిన్రా, ఆశ పోలే!" అని అందరూ ఏడుస్తూనే నవ్వారు. కాకికేం తెలుసు, మా మీటింగ్‌కు ఒక్కసారన్నా వచ్చిందా?

సీసాలో మిగిలింది చేతులు మారి నా దగ్గరికొచ్చింది. "కాక పేరు మీద ఒక్క గుక్క." అబద్ధమెందుకు, నోరూరింది. ఇప్పుడు నేను జారితే వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు లేడని గుర్తొచ్చి భయమేసింది. ఇయ్యాల ముట్టనని పక్కవాడికి అందించాను.

ఆదివారం గది తెరిచాం. నెల కిందట కాకకు మీటింగ్ మధ్యలోనే ఆయాసం ముదిరితే ఆటోలో వేసుకుని దవాఖానకు పరిగెత్తాం. ఆయన బిళ్ళ, ఒకటో నెంబరు, అప్పటి నుంచీ కొక్కానికే ఉంది. వచ్చి తీసుకుంటాడులే అనుకుని ఎవరమూ ముట్టలేదు.

మీటింగ్ అయ్యాక ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. ఫ్యాను గాలికి ఆ ఒక్కటీ చెక్కకు కొట్టుకుంటోంది. వెయ్యాల్సిన తాళం చేతిలో పట్టుకుని గదిలోని బెంచీ మీద కూర్చున్నాను.